పాత కంప్యూటర్ ఎవరి కోసం ఆగేది

జైపాల్‌కు చాలా ఏళ్ళుగా ఒక అనుమానం ఉంది. దేవుడి విషయంలో ఏ అనుమానమూ లేని మనిషి అతను. పొద్దున దీపం వెలిగించనిదే చాయ ముట్టడు. అతని అనుమానమల్లా కంప్యూటర్ మీదే.

చేవెళ్ళలో ఒక పెద్ద పాల కంపెనీకి చిల్లింగ్ సెంటర్ ఉంది. జైపాల్ దానికి సూపర్‌వైజర్. చుట్టుపక్కల ఊళ్ళలో ఊరి సెంటర్ల దగ్గర పోసిన పాలు క్యాన్లలో అక్కడికి వచ్చి, చల్లబడి, ట్యాంకర్లెక్కి పట్నం పోతాయి. ఏ ఇంటివాళ్ళు ఎన్ని పాలు పోశారు, వాటిలో వెన్న ఎంత అన్న లెక్క కంప్యూటర్‌లోకి ఎక్కుతుంది. వరసగా పదిహేను రోజులు పాలు పోయని ఇంటి పేరును రైతుల జాబితాలోంచి తీసేయాలని కంపెనీ రూలు. ఆ తీసేసే పని మనుషుల చేతిలో పెట్టలేదు. కంప్యూటరే చూసుకుంటుంది.

పేరు పోవడమంటే చిన్న సంగతి కాదు. ఏడాది చివరి బోనస్ పోతుంది. పశువు పేరు మీద కంపెనీ కట్టే ఇన్సూరెన్స్ పోతుంది. మళ్ళీ చేరొచ్చు గానీ కొత్తవాళ్ళ కింద చేరాలి, ఇన్సూరెన్స్ కోసం ఇంకో ఏడాది కాచుకోవాలి.

అయితే ఆ కంప్యూటర్ అందరినీ ఒక్క తీరుగా చూసేది కాదు. కొందరి పేర్లు గడువు దాటిన మర్నాడే మాయమయ్యేవి. ఇంకొందరు నెలల తరబడి గుక్కెడు పాలు పోయకపోయినా పేరు చెక్కుచెదిరేది కాదు. ఎందుకని? ఏ పుణ్యం లెక్కన?

ఏడేళ్ళ కింద ఈ అనుమానం జైపాల్ గుండెలో ముల్లులా దిగింది. అతనిది మొయినాబాద్ పక్కన ఉన్న హిమాయత్‌నగర్. అదే ఊళ్ళో కొమురయ్య పేరును ఉంచిన కంప్యూటర్, అదే నెలలో సుక్కమ్మ పేరును తీసేసింది. సుక్కమ్మకు మొగుడు లేడు. ఒక్క బర్రెను నమ్ముకుని బతికేది. పేరు పోయిన కొన్నాళ్ళకే ఆ బర్రె ఈనలేక చచ్చిపోయింది. ఇన్సూరెన్స్ రాలేదు. ఆమె కూలికి పోయి, పూలతోటల్లో కలుపు తీసి, కూడబెట్టి, పోయినేడే మళ్ళీ ఒక పాడిబర్రెను కొనుక్కుంది.

జైపాల్ అడగని మనిషి లేడు. రిపేరుకు వచ్చిన పిల్లవాడు “సాఫ్ట్‌వేర్ గట్లనే ఉంటదన్నా” అన్నాడు. మేనేజర్ “సిస్టం డిసైడ్ చేసింది” అన్నాడు. ఇంటికొచ్చి భార్య అరుణమ్మను అడిగితే, “దానికి గూడ దయ ఉంటదేమో, ఎవరిమీద కలిగితే వాళ్ళమీద కలుగుతది” అంది. ఆ మాట జైపాల్‌కు నచ్చింది గానీ, ఆ దయ సుక్కమ్మ మీద ఎందుకు కలగలేదన్నది మిగిలే ఉంది. పొద్దున సెంటర్‌కు పోగానే కంప్యూటర్‌కు కుంకుమ బొట్టు పెట్టి అగరుబత్తి తిప్పేవాడు. తిప్పుతూ మనసులో ఒక్క మాట అడిగేవాడు. అది ఒక్కనాడూ జవాబు చెప్పలేదు.

ఇట్లా ఉండగా కంపెనీ తన లెక్కల ఏర్పాటంతా కొత్తగా కట్టుకోవాలని తీర్మానించింది. అందుకోసం రేణుక అనే ఆమె వచ్చింది. తాండూరు పిల్ల, ముప్పై అయిదేళ్ళుంటాయి, ఆర్కిటెక్ట్ అన్నారు. మొయినాబాద్ చుట్టూ ఫామ్‌హౌస్‌లు కట్టే ఆర్కిటెక్టులను జైపాల్ చాలామందిని చూశాడు. అందుకే మొయినాబాద్ ఆఫీసుకు రమ్మని కబురొస్తే, పోగానే అడిగాడు.

“బిల్డింగ్ ఎక్కడ కడుతున్నరు మేడం? చేవెళ్ళల అయితే జర రోడ్డు పక్కకు చూడుర్రి, ట్యాంకర్లు తిరగాలె.”

రేణుక నవ్వింది. “బిల్డింగ్ లేదన్నా. కంపెనీల ఏ పని ఏ కంప్యూటర్ చేస్తది, ఏది ఎవరికి చెప్తది, అది గీసుడే నా పని.”

గోడ నిండా కాగితం అతికించి ఉంది. దాని మీద గళ్ళు, గళ్ళ నడుమ గీతలు, గీతల మీద గీతలు. జైపాల్ దగ్గరికి పోయి, చేతులు వెనక్కి కట్టుకుని చూశాడు.

“చిక్కుబడ్డ దారం లెక్క ఉన్నది గద మేడం.”

“ఒక్కనాడు కట్టింది కాదన్నా ఇది. పాల లెక్కకు ఒకటి పెట్టిన్రు. తర్వాత పేమెంట్లకు ఒకటి, ట్యాంకర్లకు ఒకటి, దాణాకు ఒకటి, ఇన్సూరెన్స్‌కు ఒకటి. అవసరం పడ్డప్పుడల్లా ఇంటికి ఒక అర్ర కలుపుకుంటా పోయినట్టు. ఇప్పుడు ఒక గోడ తీస్తే ఏ అర్ర కూలుతదో ఎవరికీ తెల్వది.”

“మరి మొత్తం కూలగొట్టి కొత్తగ కట్టరాదు?”

“కడుదునన్నా. అందాక బర్రెలు పాలియ్యకుంట ఆగుతయా?”

జైపాల్‌కు ఆ మాట వెంటనే ఎక్కింది. బర్రెలు ఆగవు. రోజుకు రెండు పూటలూ పాలు వస్తూనే ఉంటాయి.

“అందుకే పాతదాన్ని నడవనిచ్చి, పక్కనే కొత్తది పెట్టినం” అంది రేణుక. “అదే పాల లెక్క రెండిటికీ ఇస్తున్నం. రెండూ ఒక్క జవాబే చెప్తే, ఆ పని పాతదాని చేతులనుంచి తీసి కొత్తదానికి ఇస్తం. గట్ల ఒక్కొక్క పని తీసుకుంటా పోయి, ఆఖరుకు పాతదాన్ని ఆపేస్తం.”

“రెండూ కలిసి ఒక్కటే తప్పు చెప్తే?”

“అది అడగకన్నా, రాత్రి నిద్రపట్టది నాకు.”

ఇద్దరూ నవ్వారు. తర్వాత రేణుక ల్యాప్‌టాప్ ఇటు తిప్పింది. “అన్ని పనులల్ల జవాబులు కలిసినయి. ఒక్క కాడ కలుస్తలేదు. పదిహేను దినాలు పాలు పొయ్యలేదని కొత్తది కొన్ని పేర్లు తీసేయాలంటున్నది. పాతది ఉంచాలంటున్నది. నలభై ఇండ్లకు పైనే ఉన్నయి. ఎందుకు ఉంచుతున్నదో నాకు సమజ్ అయితలేదు.”

జైపాల్ కుర్చీని ముందుకు జరుపుకున్నాడు. ఇన్నేళ్ళుగా తనొక్కడే మోస్తున్న ప్రశ్న ఇంకొకరి నోట వినేసరికి, జాతరలో తప్పిపోయిన మనిషికి ఊరివాళ్ళు కనబడ్డట్టయింది.

“నాకు గూడ అదే అనుమానం మేడం, ఎన్నో ఏండ్ల సంది! లోపల రాసింది చదివితే తెల్వదా?”

“రాసిన ప్రతి ఎవరి దగ్గరా లేదన్నా. నడిచేది ఉన్నది, చదివేది లేదు. కూర గిన్నె ముందల ఉన్నది, అండ్ల ఏమేసిన్రో చెప్పేటోళ్ళు లేరు.”

“పాతది చేసినట్టే కొత్తదాన్ని గూడ చెయ్యమంటే?”

“ఎందుకో చెప్పగలిగితేనే కొత్తదాన్ల పెడతమని పైవాళ్ళ మాట. కారణం తెల్వని రూలు వద్దంటున్నరు. వాళ్ళదీ తప్పు లేదు. ఒకటో తారీఖు పాతదాన్ని బంద్ చేస్తరు. ఆలోపు కారణం దొరకకుంటే ఈ పేర్లన్నీ పోతయి.”

జైపాల్ ఆ పేర్లు చదువుకుంటూ పోయాడు. నడుమ ఒక పేరు దగ్గర అతని వేలు ఆగింది. సుక్కమ్మ, హిమాయత్‌నగర్. ఆమె బర్రె వట్టిపోయి ఉంది. ఒకటో తారీఖు దాటాక ఈనుతుంది. ఇన్సూరెన్స్ లేకుండా ఆ బర్రె ఈనాల్సి వస్తుంది. ఒకసారి అయింది చాలదా ఆమెకు?

“మేడం, నాకొకటి తోస్తది. నవ్వొద్దు.”

“చెప్పన్నా.”

“సోమవారం శివాలయానికి అభిషేకం పాలు పంపేటోళ్ళ పేర్లే నిలుస్తున్నయేమోనని.”

రేణుక నవ్వలేదు. “అభిషేకం పాలు పంపేటోళ్ళు సోమవారం మనకు తక్కువ పోస్తరు గదా. అది కంప్యూటర్‌కు కనబడొచ్చు. చూద్దాం పా” అని లేచింది.

రేణుక కారులో ఇద్దరూ హిమాయత్‌నగర్ వచ్చారు. జాబితాలో మొదటి పేరు కొమురయ్యదే. ఏడేళ్ళ కింద నిలిచిన పేరూ ఆయనదే, ఇప్పుడు నిలిచిన పేరూ ఆయనదే. ఇంటి ముందు కూర్చుని కొడవలి నూరుకుంటున్న ముసలాయన సంగతంతా విని కొడవలి కింద పెట్టాడు.

“నేను గుళ్ళెకు పోయేది పెండ్లిల బువ్వ పెడ్తరంటేనే. నా పాలు శివునికెందుకు పంపుత?”

“మరి కంప్యూటర్‌కు లంచమేమన్న ఇచ్చినవా కొమురన్నా?” అన్నాడు జైపాల్.

“ఇచ్చేదుంటే నీకే ఇద్దును గదరా. దానికి జేబు ఏడున్నది?”

రేణుక నవ్వు ఆపుకుంటూ అడిగింది. “పాలెందుకు పోస్తలేవు తాతా?”

“పొయ్యనీకి ఉండాలె గద బిడ్డా! బర్రె సూడితోని ఉన్నది, వట్టిపోయింది. ఇంకో నెలకు ఈనుతది. ఈనినంక గూడ జున్నుపాలు అమ్మం. వాడకట్టోళ్ళకు పంచుతం. ఆ తర్వాతనే సెంటర్.”

ఇంకో నాలుగిళ్ళు తిరిగారు. అయిదో ఇల్లు మొయినాబాద్ దారిలో. అన్ని చోట్లా అదే మాట. బర్రె సూడితో ఉంది, వట్టిపోయింది. గుడి సంగతి అడిగితే ఒకరు రోజూ పోతామన్నారు, ఒకరు గుడి తాళం ఎవరి దగ్గరుంటుందో కూడా తెలియదన్నారు.

కారు దగ్గరికి వచ్చి రేణుక తలుపు తీయకుండా నిలబడిపోయింది. “బర్రె సూడితో ఉన్న ఇండ్లనే ఉంచుతున్నది. మంచిగనే ఉన్నది. కానీ దానికి ఎవరు చెప్పిన్రన్నా? ఆ సంగతి రాసే జాగనే లేదు అండ్ల. మొత్తం వెతికిన.”

జైపాల్ కూడా ఆగిపోయాడు. ఒక ప్రశ్నకు జవాబు దొరికిందనుకునేలోపు దాని కడుపులోంచి ఇంకోటి పుట్టింది, ముందుదానికంటే పెద్దది. హిమాయత్‌నగర్ కొట్టంలో కట్టేసిన బర్రె కడుపులో దుడ్డె ఉందని, చేవెళ్ళలో ఫ్యాను కింద ఉన్న కంప్యూటర్‌కు ఎట్లా తెలిసింది?

“పెట్టినాయన్నే అడుగుదాం మేడం” అన్నాడు. “కంప్యూటర్ పెట్టిన కొత్తల యాదయ్య సారని ఒకాయన ఉండె. చేవెళ్ళల కిరాయికుండి దాని లోపలిదంత ఆయనే రాసిండు. కంపెనీ ఇడిసిపెట్టినంక ఎటు పోయిండో ఇన్నేండ్లు తెల్వలే, శంకర్‌పల్లి కాడ కూరగాయలు పెడుతున్నడని మొన్ననే విన్న.”

మర్నాడు శంకర్‌పల్లి పోయి అడుగుతూ అడుగుతూ రైలు పట్టాల అవతల తోట పట్టుకున్నారు. యాదయ్య తలకు తువ్వాల చుట్టుకుని గోబిపువ్వు కోసి సంచుల్లో వేస్తున్నాడు. రేణుక చెప్పింది విని తువ్వాల విప్పి మొహం తుడుచుకున్నాడు.

“ఇంకా నడుస్తున్నదా అది?” అన్నాడు. “పదేండ్లకే తీసి పారేస్తరనుకున్న.”

“నడుస్తున్నది సార్. ఒకటో తారీఖు దాకా” అంది రేణుక. “బర్రె సూడితో ఉన్నదని దానికి ఎట్ల తెలుస్తున్నదో చెప్పుర్రి. మాకు అన్నం సయిస్తలేదు.”

“దానికేం తెల్వదమ్మా. నేను చెప్పింది తెలుసు, అంతే.” ఆయన గట్టు మీద కూర్చుని, గుర్తుచేసుకుంటూ నుదురు రుద్దుకున్నాడు. “ఏం రాసినబ్బా... ఆఁ. వట్టిపోయే బర్రె ఒక్కనాడే పాలు ఆపదు. మూడు లీటర్లు రెండయితయి, రెండు ఒకటయితది, ఒకటి చెంబయితది, చెంబు గిలాసయితది. పాలు తగ్గుతుంటే వెన్న ఎక్కువ చూపిస్తది. గట్ల మెల్లగ ఆగుతది. వేరేటోనికి అమ్ముకునేటోడు గట్ల చెయ్యడు. నిన్న మూడు లీటర్లు పోస్తడు, ఇయ్యాల సున్న. మెల్లగ తగ్గి ఆగితే నాలుగు నెలలు చూడుమని రాసిన. నిండుగ పోసి ఒక్కసారి ఆపితే పదిహేను దినాలకే తీసెయ్యమని రాసిన.”

రేణుక నోరు తెరుచుకుని విన్నది. “బర్రె సూడితో ఉన్నదా అని ఒక్క ప్రశ్న పెట్టి అడిగితే అయిపోవు గద సార్?”

“పెట్టినమ్మా, మొదలు అదే పెట్టిన!” యాదయ్య తొడ చరిచి నవ్వాడు. “మొదటి నెల చూస్తే మన దిక్కు బర్రెలన్నీ సూడితోనే ఉన్నయి. దున్నపోతు ఒక్కటే ఉన్న ఇంటోడు గూడ సూడి అని రాయించిండు.”

జైపాల్‌కు నవ్వొచ్చి కళ్ళ నీళ్ళు తుడుచుకున్నాడు. ఆ రాయించినవాడు ఎవరై ఉంటాడో అతనికి తెలుసు.

“ఎక్కడన్న రాసిపెట్టాల్సింది సార్” అంది రేణుక.

“అప్పటి మేనేజర్‌కు నోటితోని చెప్పిన. ఆయన ఊఁ అన్నడు. ఆయన బదిలీ అయిండు, నేను మానేసిన. నడిచేదాన్ని ఎవరడుగుతరమ్మా? ఆగితే అడుగుతరు.”

గోబిపువ్వులు రెండు చేతిలో పెట్టి పంపాడాయన. దారిలో జైపాల్ ఆ పువ్వులను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఇన్నాళ్ళూ ఆ పెట్టెలో ఏదో దయ ఉందనుకున్నాడు. చూస్తే గిలాసెడు పాల లెక్క. కొంచెం వెలితిగా అనిపించింది. మళ్ళీ అంతలోనే, ఆ గిలాసెడు పాలను పట్టించుకోవాలన్న బుద్ధి మనిషికి ఎవరిచ్చారు అనిపించింది. ఆ ప్రశ్నకు జవాబు శంకర్‌పల్లిలో దొరికేది కాదని దాన్ని అక్కడికి వదిలేశాడు.

మొయినాబాద్ ఆఫీసుకు వచ్చి రేణుక వెనకటి ఏళ్ళ లెక్కలు తీసింది. యాదయ్య చెప్పిన రూలు పెట్టి, పాత కంప్యూటర్ ఉంచిన పేర్లు, తీసేసిన పేర్లు వరసగా సరిచూసింది. అన్నీ కలిశాయి. జైపాల్ చాయలు తెప్పించాడు. గిలాసు అందుకోబోయి ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

“ఒక్కటి తప్పింది.”

“ఎవరిది?”

“ఏడేండ్ల కిందిది. సుక్కమ్మ.”

జైపాల్ చాయ గిలాసు బల్ల మీద పెట్టాడు.

“అంతమంది కలిసిన్రు గద మేడం. ఒక్కరు తప్పితే ఏమాయె?”

“ఒక్కరు తప్పిన్రంటే నాకు రూలు పూర్తిగ తెల్వనట్టే గదన్నా. రేపు పైవాళ్ళు అదే అడుగుతరు. ఈ ఒక్కదాన్ని ఎందుకు తీసేసిందంటే ఏం చెప్పాలె? తెల్వదంటే మొత్తం వద్దంటరు.” ఆమె తెర మీద గీత చూపించింది. “చూడు. ఆమె పాలు మెల్లగనే తగ్గినయి. గిలాస దాక వచ్చి ఆగినయి. బర్రె వట్టిపోయినట్టే. వారం దినాలు ఏం లేవు. ఆ తర్వాత ఇగో, ఒక్కసారి రెండు లీటర్లు. వరసగ పది దినాలు, రోజూ రెండు. మల్ల ఒక్కసారే సున్న. వేరేటోనికి అమ్ముకున్నదనుకొని తీసేసింది.”

“వట్టిపోయిన బర్రెకు రెండు లీటర్లా?”

“వస్తయా అన్నా?”

“రావు. ఏ బర్రెకూ రావు.”

పైవాళ్ళకు చెప్పుకోవడానికి రేణుకకు ఒక్క రోజే మిగిలింది.

సందె వేళ జైపాల్ ఇల్లు చేరేసరికి అరుణమ్మ జొన్నరొట్టెలు చేస్తోంది. కాళ్ళు కడుక్కుని, దేవుడికి దండం పెట్టి, పొయ్యి పక్కన పీట వేసుకుని సంగతంతా చెప్పుకొచ్చాడు. దున్నపోతు దగ్గర ఆమె నవ్వింది. రెండు లీటర్ల దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆపి, పిండిని అరచేతులతో గట్టిగా చరచసాగింది.

“వట్టిపోయిన బర్రెకు పాలెట్ల వచ్చినయో ఆ శివునికే తెల్వాలె” అన్నాడు జైపాల్.

“శివునికెందుకు? నాకు తెలుసు.” ఆమె రొట్టెను పెనం మీద వేసింది. “అవి మన బర్రె పాలు.”

జైపాల్‌కు మొదట అర్థం కాలేదు.

“పదిహేను దినాలు పొయ్యకుంటే పేరు పోతదని నువ్వే గద ఇంట్ల చెప్పినవు. సుక్కక్క బర్రె వట్టిపోయింది. పేరు పోతదేమోనని అక్క ఏడుస్తుంటె చూడబుద్ధి కాలే. నువ్వు చేవెళ్ళకు పోయినంక మన పాలల్ల రెండు లీటర్లు ఆమె పేరుమీద పోసిన. పది దినాలు పోసి, పదిహేను దినాల గండం దాటింది గద అని ఆపిన.”

“నాకెందుకు చెప్పలే?”

“చెప్తే పొయ్యనిస్తవా? ఒకరి పాలు ఒకరి పేరుమీద పొయ్యొద్దని ఊరంత చాటింపేసేటోడివి నువ్వే. అక్క ఆ పాల పైసలు ఇయ్యబోయింది. వద్దన్న. ఇంటి పాలు అమ్ముకున్నట్టయితది, నీ బర్రె ఈనినంక పాలే పొయ్యి అన్న. ఆ బర్రెనే పాయె.”

జైపాల్‌కు ఇప్పుడు అర్థమైంది. చెప్పకుండా ఉండొచ్చు. కానీ ఆమె అతని మొహంలోకే చూస్తోంది.

“ఏందయ్యా? ఎందుకట్ల చూస్తున్నవు?”

“అరుణా, ఆ కంప్యూటర్ మెల్లగ తగ్గినోళ్ళ కోసం ఆగుతది. రెండు లీటర్లు పోసి ఒక్కసారి ఆపినోళ్ళ కోసం ఆగది.”

అరుణమ్మ చేతిలోని పిండి ముద్ద అట్లే ఉండిపోయింది. పెనం మీద రొట్టె మాడు వాసన వచ్చింది. ఎవరూ తీయలేదు.

“అంటే నేను పొయ్యకుంటే అక్క పేరు ఉండేదా?”

“ఉండేది.”

“ఇన్సూరెన్స్ గూడ?”

“అది గూడ” అన్నాడు జైపాల్. అరుణమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. “మంచికి పోతే చెడు ఎదురొచ్చిందని ఇనుడే గానీ, నా చేతులతోనే...” అని ఆగిపోయింది. కాసేపటికి కొంగుతో మొహం తుడుచుకుని, మాడిన రొట్టెను తీసి కుక్కకు వేసి వచ్చింది. “ఆ మేడంకు ఫోన్ చెయ్యి. గీ ఒక్క మాట దొరకకనే ఆగింది గదా. చెప్పు.”

“సూపర్‌వైజర్ పెండ్లామే రూలు తప్పిందంటరు.”

“అననీ. నా పేరు పెట్టే చెప్పు. నీ నౌకరికి ఏమన్న అయితే ఇద్దరం కలిసి పూలు తెంపుకుందాం. ఈసారి అక్క బర్రెకు ఏమన్న అయితే నేను ఏ మొకం పెట్టుకొని దీపం పెట్టాలె?”

జైపాల్ ఫోన్ చేశాడు. అవతల రేణుక విని “అబ్బ!” అంది. వెంటనే కాగితం తీస్తున్న చప్పుడైంది. “వదిన పేరు అవసరం లేదన్నా” అంది. “పొరుగింటి పాలు కలిసినయని రాస్త. కారణం అదే గదా. ఇంకొకటి గూడ పెడుత. పేరు తీసేసే ముందు కొత్తది ఊరి సెంటర్ మనిషిని అడుగుతది, ఆ ఇంటికి పోయి చూసొచ్చి చెప్పమని. అది లెక్క వేసుడు వేసుకోనీ, ఆఖరు మాట మనిషి చెప్పాలె. పైవాళ్ళతోని కొట్లాడుత.”

మర్నాడు ఆమె ఏం కొట్లాడిందో జైపాల్‌కు తెలియదు. పొద్దుగూకే వేళ ఫోన్ వచ్చింది. “ఒప్పుకున్నరన్నా. ఒక్క పేరు గూడ పోదు.” జైపాల్ రోడ్డు మీదే చెప్పులు విడిచి రెండు చేతులెత్తి దండం పెట్టాడు. పక్కన షేర్ ఆటోలో కూర్చున్నవాళ్ళు ఎటు వైపు గుడి ఉందా అని వెతికారు.

ఒకటో తారీఖున పాత కంప్యూటర్‌ను ఆపేశారు. కొత్తది ఎక్కడో దూరాన ఉంటుందట, ఇక్కడ ఫోన్‌లో కనబడుతుందట. బొట్టు ఎక్కడ పెట్టాలో తెలియక జైపాల్ రెండు రోజులు తికమకపడి, పాత పెట్టె ఉన్న బల్లకే పెట్టి ఊరుకున్నాడు.

అరుణమ్మకు మాత్రం ఇంకో పని మిగిలింది. సుక్కమ్మకు చెప్పాలి. ఏడేళ్ళుగా ఆమె వీళ్ళ గడప తొక్కలేదు. ఎదురుపడితే కొంగు సర్దుకుని పక్క సందులోకి తిరిగిపోయేది. ఎందుకో ఇన్నాళ్ళూ అరుణమ్మకు తోచలేదు. ఇప్పుడు మాత్రం, తన వల్లే పేరు పోయిందని ఆమెకు ఎట్లాగో తెలిసి ఉంటుందనుకుంది. ఆ భయంతోనే వాళ్ళ కొట్టం దగ్గరికి పోయి, నిలబడే అంతా చెప్పేసింది.

సుక్కమ్మ బర్రెకు గడ్డి వేస్తూ వింది. విని, చాలాసేపు బర్రె వీపు నిమిరింది. కళ్ళనిండా నీళ్ళు వచ్చాయి.

“ఆ పొద్దు నా బర్రెకు రాసిపెట్టి ఉన్నది, పోయింది” అంది. “నీకు పాలు బాకీ ఉన్నననే గదనే, ఏడేండ్ల సంది నీకు మొకం తప్పిస్తున్న! ఈనినంక పోస్తనని మాటిచ్చి పొయ్యకపోతి. నువ్వేమో నాకు నువ్వే బాకీ అనుకుంట వచ్చినవు.”

“అయ్యో అక్కా, మొన్న బర్రెను కొన్నంక రెండు చెంబులు పోస్తే నేను వద్దంటనా?”

“కొనుక్కొచ్చిన బర్రె పాలు ఎట్ల పోస్త? ఈనినంక అని గద మాట. నా కొట్టంల ఈనాలె.”

ఆ బర్రె గురువారం తెల్లవారి ఈనింది. కంపెనీ డాక్టరు అక్కడే ఉన్నాడు, అవసరం పడలేదు. ఆడదుడ్డె. జున్ను వాడకట్టంతా పంచారు, కొమురయ్య రెండుసార్లు వచ్చి తిన్నాడు. జున్ను రోజులు గడిచి పాలు తేటపడ్డ పొద్దున, సెంటర్‌కు క్యాన్ ఎత్తకముందే, సుక్కమ్మ ఇత్తడి బిందె చంకనెత్తుకుని జైపాల్ ఇంటి ముందుకు వచ్చింది. వాకిట్లో ఆగకుండా గడప దాటి నేరుగా వంటింట్లోకి పోయింది.

“ఇయ్యాల రెండు లీటర్లు. రేపు రెండు. గట్ల పది దినాలు. వద్దంటే ఈడనే పారబోస్త.”

“వద్దని ఎవరన్నరు?” అంది అరుణమ్మ. కడిగి బోర్లించిన గిన్నెల్లోంచి పెద్దది తీసి రెండు చేతులా పట్టుకుంది. సుక్కమ్మ వంచింది. నురుగు గిన్నె అంచుదాకా పొంగి వచ్చింది. బిందె అడుగున మిగిలిన చుక్కలను కూడా దులిపి పోసి, సుక్కమ్మ అప్పుడు పొయ్యి పక్కన పీట లాక్కుని కూర్చుంది.